మా అమ్మాయి లాప్‌టాప్, నా చత్వారం

ఆషాఢంలో మా ఇంట్లో గోరింటాకు తప్పదు. పోయిన నెల ఓ సాయంత్రం కింది వాటా వాళ్ళ పెరట్లో నుంచి ఆకు కోసుకొచ్చి, రుబ్బి, మా అమ్మాయి రెండు చేతులకూ నిండుగా పెట్టాను. వేళ్ళకు టోపీలు, అరచేతిలో చందమామ, చుట్టూ చుక్కలు. ఇంజనీరింగ్ నాలుగో ఏడులోకి వచ్చింది గానీ గోరింటాకు దగ్గర ఇంకా ఐదో తరగతి పిల్లే. చేతులు రెండూ గాల్లో పెట్టుకుని కూర్చుని, "అమ్మా, కాలేజీ నుంచి మెయిల్ వచ్చిందేమో కాస్త లాప్‌టాప్ తీసి చూడవా" అంది. అన్నాక నాలిక్కరుచుకుంది. "వద్దులే, ఫోన్లో చూద్దాం" అని మాట మార్చింది. అప్పటికే నేను మూత తెరిచాను.

తెర చూసి నాకు నోట మాట రాలేదు. అటక మీద పాత వార్తాపత్రిక తీసి పరిచినట్టు అంతా పసుపు. అక్షరాలు చెమ్మ తగిలిన సిరాలా అలుక్కుపోయి ఉన్నాయి. కుడి పక్కన పైనుంచి కిందిదాకా నాలుగైదు గీతలు, వాటంతటవే వణుకుతున్నాయి.

"ఇదేందే, ఎప్పటి నుంచి?"

"అది అట్టానే ఉంటదిలే అమ్మా. నాకలవాటైపోయింది."

"వచ్చే వారం ఇంటర్వ్యూ దీంట్లోనే గదా?"

మాట్లాడలేదు. గోరింటాకు ఆరిందో లేదో చూసుకుంటున్నట్టు చేతుల వైపు చూసుకుంది. కాలేజీకి వచ్చే కంపెనీల్లో మొదటిది ఆన్‌లైన్లోనే పరీక్ష పెట్టి, ఆన్‌లైన్లోనే ప్రశ్నలడుగుతుందట. చేతిలో పన్నెండు రోజులున్నాయి.

మా సంగతి తెలియని వాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పాలి. మాది పెదనందిపాడు పక్క ఊరు. పిల్ల చదువు కోసం నేనూ అదీ గుంటూరు కొరిటెపాడులో అద్దెకుంటాం. మావారు ఊళ్ళో మిరప, పత్తి చూసుకుంటూ వారానికి రెండుసార్లు బండి మీద వచ్చి వెళుతుంటారు. ఈ లాప్‌టాప్ 2021లో కొన్నది. కరోనా రోజులు, ఇంటర్ క్లాసులన్నీ ఆన్‌లైన్లో, ఫోన్లో చూసి చూసి పిల్లకు తలనొప్పి వస్తుంటే కొన్నాం. ఆ ఏడే మిరపకు నల్ల తామరపురుగు తగిలి గుంటూరు, ప్రకాశం రైతుల్ని పూతలోనే ముంచేసింది. అయినా మావారు ఆ లాప్‌టాప్ ఖర్చు గురించి ఒక్కరోజూ ఎత్తలేదు.

2025లో పురుగు కాదు, ధర. అంతకు రెండేళ్ళ ముందు క్వింటాలు ఇరవై వేలు దాటి చూసిన కళ్ళతోనే ఆ ఫిబ్రవరిలో కేంద్రం 11,781 రూపాయలు మద్దతుగా ప్రకటించిందన్న వార్త చదివాం. యార్డులో మా తేజ కాయలకు వ్యాపారులు చెప్పిన ధర మాటేమో గానీ, చెప్పిన తీరుకే మావారికి మనసు విరిగిపోయింది. టిక్కీలన్నీ తీసుకెళ్ళి కోల్డ్ స్టోరేజీలో పెట్టి వచ్చారు. అప్పటి నుంచి ఇంట్లో ఏం కొనాలన్నా "కాయలు అమ్మాక చూద్దాం" అనే మాటే.

అందుకే ఈ తెర సంగతి ఆయన చెవిన వేయకుండా, మర్నాడు పొద్దున పదకొండింటికి నేనే లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని ఓ దుకాణానికి తీసుకెళ్ళాను. కుర్రాడు మూత తెరిచి, రెండు నిమిషాలు అటూ ఇటూ వంచి, "ప్యానెల్ పోయింది మేడమ్. మారిస్తే ఎనిమిదిన్నర వేలు. నాలుగేళ్ళ మెషీన్‌కి అంత దండగ, కొత్తది తీసుకోండి" అన్నాడు. నేను "పసుపుగా కూడా ఉంటోంది బాబూ" అన్నాను. "అన్నీ దానివల్లే" అన్నాడు. కానీ అప్పుడు తెర పసుపుగా లేదు! తెల్లగా ఉంది. రాత్రి నేను చూసిన పసుపు పొద్దునకు ఎటు పోయినట్టు?

ఆ ఒక్క ప్రశ్నే నన్ను లాప్‌టాప్‌తో సహా వెనక్కి ఇంటికి తీసుకొచ్చింది.

నేను చదివింది బి.ఏ. తెలుగు. కంప్యూటర్ గురించి నాకు తెలిసిందల్లా దానిమీద దుమ్ము తుడవడమే. (అదీ తప్పుగా తుడుస్తున్నానని తర్వాత తెలిసింది, చివర్లో చెబుతాను.) కానీ మాకు వ్యాకరణం చెప్పిన మేడమ్ ఒక అలవాటు నేర్పారు. పెద్ద సమాసం కనబడితే బెదిరిపోవద్దు, ముందు విడదీయండి, ఏ ముక్క ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో చూడండి, అర్థం తర్వాత అదే వస్తుంది అనేవారు. ఆ కుర్రాడు మూడు జబ్బుల్ని ఒకే సమాసం చేసి ఒకే పేరు పెట్టాడేమో అనిపించింది. పాల లెక్క రాసే పుస్తకంలో వెనక పేజీ తీసి మూడు గళ్ళు గీశాను. పసుపు, మసక, గీతలు. ఒక్కోదాని కింద ఎప్పుడు వస్తోంది, ఏం చేస్తే పోతోంది అని రాయడం మొదలుపెట్టాను.

మొదటి గడి రెండు రోజుల్లోనే నిండింది. పొద్దున తెలుపు, మధ్యాహ్నం తెలుపు, సాయంత్రం ఆరూ నలభై అయిదు దాటాక పసుపు. మళ్ళీ తెల్లారితే తెలుపు. జబ్బు గడియారం చూసుకుని రాదు కదండీ. సరిగ్గా పొద్దుగుంకే వేళకు వస్తోందంటే ఎవరో రమ్మన్నట్టే.

హైదరాబాదులో ఉద్యోగం చేసే మా మేనల్లుడికి ఫోన్ చేశాను. వాడు నవ్వాడు. "అత్తా, సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో డిస్‌ప్లే, అక్కడ నైట్ లైట్ అని ఉంటది చూడు" అన్నాడు. చూశాను. ఆన్‌లో ఉంది. కింద 'సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం దాకా' అనే ఏర్పాటు. దాని తీవ్రత చూపించే గీత చివరిదాకా లాగి ఉంది.

మా అమ్మాయిని పిలిచి అడిగితే గుర్తొచ్చింది. రెండో ఏడు పరీక్షలప్పుడు రాత్రుళ్ళు కళ్ళు మంటగా ఉంటే ఎవరో చెబితే పెట్టుకుందట. తర్వాత మరిచిపోయింది. తెర మీద ప్రతి చుక్కలోనూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు చిన్న దీపాల్లాంటివి ఉంటాయట. మూడూ సమంగా వెలిగితే తెలుపు. ఈ నైట్ లైట్ రాత్రిపూట నీలాన్ని తగ్గిస్తుంది. నీలం తగ్గితే మిగిలేది ఎరుపూ ఆకుపచ్చా, ఆ రెండూ కలిస్తే పసుపు. అంతే సంగతి. ఆ మీట ఆపేసరికి తెర ఉతికి ఆరేసిన పంచెలా తెల్లబడింది. ఖర్చు సున్నా.

నాకు ఎంత ధైర్యం వచ్చిందంటే, ఆ రాత్రే రెండో గడి మొదలుపెట్టాను.

మసకకు వేళాపాళా లేదు. ఎప్పుడూ ఉంది. ఫోటోలు బాగానే ఉన్నాయి, అక్షరాలే అలుక్కుపోతున్నాయి. అదే డిస్‌ప్లే పేజీలో రిజల్యూషన్ అనే మాట ఉంది. అక్కడ 1366, 768 అని ఉంది. దాని జాబితా తెరిస్తే పైన 1920, 1080 అన్న దాని పక్కన 'సిఫారసు చేసినది' అని ఉంది.

దీని అర్థం మేనల్లుడు చెప్పాడు గానీ, నాకు ముగ్గులోకి మార్చుకుంటే గానీ బోధపడలేదు. మీరూ అట్లాగే చూడండి. తెర అంటే తయారైనప్పుడే చుక్కలు పెట్టేసిన వాకిలి. అడ్డంగా 1920 చుక్కలు, నిలువునా 1080. వాటిని మనం చెరపలేం, కొత్తవి పెట్టలేం. ఇప్పుడు తొమ్మిది చుక్కలు పెట్టిన వాకిట్లో, చుక్కలు కదపకుండా, ఏడు చుక్కల ముగ్గును వాకిలంతా నిండేలా సాగదీసి వెయ్యమంటే ఏమవుతుంది? గీత చుక్క మీద పడదు, రెండు చుక్కల మధ్య పడుతుంది. అప్పుడు ఆ రెంటికీ కాస్త కాస్త పిండి రాస్తాం. ముగ్గు అలుక్కుపోయినట్టు ఉంటుంది. తెర కూడా అదే చేస్తోంది. ఫోటోల్లో మెత్తటి రంగులు కాబట్టి పెద్దగా తెలియదు. అక్షరాల అంచులు సన్నం కాబట్టి వాటి దగ్గర దొరికిపోతుంది.

ఎవరు మార్చారంటే, కాలేజీలో సెమినార్ రోజు ప్రొజెక్టర్‌కి సరిపోవడం లేదని స్నేహితురాలు తగ్గించిందట. తిరిగి పెంచినవాళ్ళు లేరు. సిఫారసు చేసినదానికి మార్చాను. అక్షరాలు చెక్కినట్టు వచ్చాయి, కానీ ఆవగింజలంత అయ్యాయి. దానికీ మందు అక్కడే ఉంది. స్కేల్ అనే చోట నూటికి నూట ఇరవై అయిదు పెడితే చుక్కలు చెడకుండా అక్షరం పెద్దదవుతుంది. అక్షరాలు పెద్దవి కావాలంటే రిజల్యూషన్ తగ్గించకూడదు, స్కేల్ పెంచాలి. ఈ ఒక్క వాక్యం మీరు ఎక్కడైనా రాసి పెట్టుకోండి.

"ఇప్పుడు బాగుందా?" అని అడిగాను. "సూపరమ్మా, అద్దంలా ఉంది" అంది మా అమ్మాయి.

నాకు మాత్రం ఇంకా మసకగానే ఉంది!

స్కేల్ నూట యాభై చేశాను. కాస్త నయం. కుర్చీ వెనక్కి జరిపాను. ఇంకాస్త నయం. పిల్ల నన్నే చూస్తోంది. నా చేతిలో పాల పుస్తకం తీసుకుని నా మొహానికి దగ్గరగా పెట్టి "చదువు" అంది. నేను రాసుకున్న లెక్కే నేను చదవలేకపోయాను. చెయ్యి చాపి దూరం పెడితే చక్కగా కనబడింది. "అమ్మా, ఇది లాప్‌టాప్‌ది కాదు. నీదే" అని పొట్ట పట్టుకుని నవ్వింది. నలభై దాటితే వచ్చేది కాబట్టే దానికి చత్వారం అని పేరు. నాకు నలభై నాలుగు. మూడు నెలలుగా బియ్యంలో రాళ్ళు ఏరేటప్పుడు చేట దూరంగా పట్టుకుంటున్నానని, సూదిలో దారం పిల్ల చేత ఎక్కిస్తున్నానని అప్పుడు గుర్తొచ్చింది. మర్నాడే కళ్ళు పరీక్ష చేయించుకున్నాను. దగ్గరి చూపుకు ఒకటిన్నర పవర్ వచ్చింది. కాబట్టి మీకు తెర మసకగా కనబడితే ముందు ఇంకొకరి కళ్ళతో చూపించండి. ఇద్దరికీ మసకైతే తెర, ఒకరికే మసకైతే కళ్ళు.

మిగిలింది మూడో గడి, గీతలు. దీని దగ్గర సెట్టింగ్స్ ఏవీ పనిచేయలేదు.

మేనల్లుడు మొదట చెప్పింది చాలా చిన్న పని. "గీతలు కనబడుతున్నప్పుడే స్క్రీన్‌షాట్ తీసి నా వాట్సాప్‌కు పంపు అత్తా." పంపాను. వాడి ఫోన్లో గీతలు లేవు. నా ఫోన్లో తెరిచి చూసినా లేవు. అంటే లోపల బొమ్మ శుభ్రంగానే తయారవుతోంది. మనకు చూపించే దారిలో ఎక్కడో చెడుతోంది. వంట బాగానే ఉండి, వడ్డించే గిన్నెకు చిల్లు పడినట్టు. స్క్రీన్‌షాట్‌లో కూడా గీతలు వచ్చి ఉంటే తప్పు లోపలిదని, ముందు సాఫ్ట్‌వేర్ వైపు చూడాలని చెప్పాడు.

రెండో పరీక్షకు హెచ్.డి.ఎం.ఐ. కేబుల్ కావాలన్నాడు. టీవీకీ సెట్‌టాప్ బాక్స్‌కీ మధ్య ఉండేదే. కింది వాటా వాళ్ళ దగ్గర ఇంకోటుంటే అడిగి తెచ్చి లాప్‌టాప్‌ను మా టీవీకి తగిలించాను. కీబోర్డు మీద విండోస్ గుర్తున్న మీట పట్టుకుని పి నొక్కితే నాలుగు దారులు చూపిస్తుంది. డూప్లికేట్ అన్నది ఎంచుకుంటే లాప్‌టాప్‌లో ఉన్నదే టీవీలోనూ వస్తుంది. వచ్చింది. లాప్‌టాప్ తెర మీద గీతలు వణుకుతున్నాయి. టీవీలో ఒక్క గీతా లేదు. అంటే బొమ్మ తయారుచేసే గ్రాఫిక్స్ భాగం కూడా క్షేమం. ఇక మిగిలినవి రెండే. తెర, లేదా తెరకు బొమ్మను మోసుకెళ్ళే తీగ.

"ఇప్పుడు మూత చాలా నెమ్మదిగా వెనక్కీ ముందుకీ కదుపు. ఎక్కడా నొక్కకు. ఏ వంపులో గీతలు వస్తున్నాయో చూడు" అన్నాడు. కదిపాను. సగం తెరిచినప్పుడు గీతలు. పూర్తిగా వెనక్కి వంచితే గీతలు పోయి తెర ఒక్కసారి ఆరి వెలిగింది. నడుమ ఒక వంపులో మాత్రం కదలకుండా ఉంటే అంతా శుభ్రం. అటూ ఇటూ పది సార్లు చేశాను, పది సార్లూ అదే వంపు. తెరే పోయి ఉంటే మూత ఎటు వంచినా గీతలు గీతలుగానే ఉండేవి కదా. కీలు లోపలి నుంచి తెరకు వెళ్ళే తీగ నలిగినట్టుంది. మూత తీసినప్పుడల్లా, వేసినప్పుడల్లా ఆ తీగా వంగుతుందట. "తెర అంచు దగ్గర అతుకు ఊడినా ఇట్టా అవ్వచ్చు అత్తా, విప్పితే గానీ గ్యారంటీ చెప్పలేం. కానీ ముందు చూడాల్సింది తీగనే" అన్నాడు.

చేతులు కడుక్కుని వచ్చి జాగ్రత్తగా చూస్తే కుడి కీలు దగ్గర ప్లాస్టిక్ సన్నగా చీలి ఉంది. నాలుగేళ్ళకు చీలేదేనా ఇది? పిల్ల వస్తువులు ఒద్దికగా వాడుతుంది. ఇంటర్ పెన్నులు ఇంకా డబ్బాలో ఉన్నాయి. నాకు అర్థం కాలేదు.

ఆ సాయంత్రం అర్థమైంది. నేను వంటింట్లో గోంగూర వలుస్తున్నాను. హాల్లో అది చదువుకుంటోంది. సందు చివర మావారి బండి చప్పుడు వినబడింది. మాకు ఆ చప్పుడు వంద బళ్ళలోనైనా తెలుస్తుంది. వినబడగానే 'టప్' మని మూత పడింది. తల తిప్పి చూశాను. కుడి చేత్తో ఒక మూల పట్టుకుని లాగి మూసేసింది. నోట్‌బుక్ దాని మీద పెట్టి, మొహం మామూలుగా పెట్టుకుని, "వచ్చారా నాన్నా" అని లేచింది.

రాత్రి పక్కల మీద చేరాక మెల్లగా అడిగాను. "నాన్న రాగానే మూత ఎందుకేస్తున్నావే?"

చాలాసేపు చీకట్లోనే ఉంది. తర్వాత అంది. "చూస్తే కొత్తది కొందాం అంటారమ్మా. ఎట్టా కొంటారు? కాయలు ఇంకా కోల్డ్ స్టోరేజీలోనే ఉన్నయి గదా."

"ఎన్నాళ్ళ నుంచి వేస్తున్నావు?"

"సంక్రాంతి అప్పుడు ఒక్క గీత వచ్చింది. అప్పటి నుంచి."

ఒక్క గీత. మూల పట్టుకుని లాగి వేసిన ప్రతిసారీ కుడి కీలు మీద బరువు పడింది. కీలు చీలి తీగ ఇంకా నలిగింది. ఒక్క గీత అయిదైంది. దాచడానికి వేసిన మూతే దాన్ని పెంచింది. దాన్ని ఏమని మందలించను? దుకాణంలో ఎనిమిదిన్నర వేలు అన్న మాట నాలుగు రోజులుగా నేనూ దాస్తూనే ఉన్నాను.

మర్నాడు మావారు టిఫిన్ చేస్తుండగా చెప్పేశాను. పసుపు, మసక, గీతలు, దుకాణం, తీగ, అన్నీ. పిల్ల గోడ పక్కన నిలబడి వింటోంది. ఆయన ఇడ్లీ తుంచడం ఆపారు.

"గీతలు నేను మార్చిలోనే చూశా" అన్నారు.

ఇద్దరం ఆయన వైపు చూశాం.

"పిల్ల పడుకున్నాక ఛార్జింగ్ పెడదామని మూత తీశా ఒకరోజు. చూసి మళ్ళీ వేసేశా. అడిగితే పిల్ల బాధపడతది గదా అని అడగలా." కాస్త ఆగి, "రేపు యార్డుకి ముప్పై టిక్కీలు తీయమని కొట్టులో చెప్పొచ్చా. కాలేజీ ఫీజు కట్టి, మిగిలిన దాంతో కొత్తది తీసుకుందామని" అన్నారు.

మా అమ్మాయి అక్కడే నేల మీద కూర్చుని ఏడ్చేసింది. "వద్దు నాన్నా, ఇప్పుడు అమ్మొద్దు, ఈ ధరకి వద్దు" అంటూ. ఆయన ఎడమ చేత్తో దాని తల నిమురుతూ, "చెప్పకపోతే ఎట్టా తెలుస్తది నాన్నా" అన్నారు. ఆ మాట ఆయన ఎవరితో అన్నారో నాకు తెలియదు. నాకైతే ముగ్గురికీ వర్తించేదిగానే వినబడింది.

ఆయనే వెతికి, ఒక సందులో పాతకాలం మెకానిక్ ఒకాయన ఉన్నారంటే తీసుకెళ్ళారు. నేనూ వెళ్ళాను, నా పాల పుస్తకంతో సహా. ఆయన నేను రాసుకున్నది మొత్తం చదివారు. "ఇన్ని పరీక్షలు చేసి ఎవరూ తీసుకురారమ్మా, నాకు సగం పని తగ్గించారు" అన్నారు. మా కళ్ళ ముందే విప్పారు. కీలు కింద నుంచి నల్లటి టేపు చుట్టిన సన్నటి తీగల కట్ట తెరలోకి వెళుతోంది. కీలు దగ్గర టేపు అరిగి, లోపల వెంట్రుకల్లాంటి రెండు తీగలు తెగడానికి సిద్ధంగా ఉన్నాయి. కీలును పట్టి ఉంచే ప్లాస్టిక్ దిమ్మె పగిలిపోయింది. తీగ విజయవాడ నుంచి తెప్పించడానికి రెండు రోజులు పట్టింది. తీగకు తొమ్మిది వందలు, కీలు అతికి బిగించినందుకు నాలుగు వందలు. మొత్తం పదమూడు వందలు.

ముప్పై టిక్కీలు తీయాల్సిన చోట పన్నెండే తీశారు మావారు. కాలేజీ ఫీజు మాత్రం ఆగదు కదా. ఆ పన్నెండు టిక్కీల ధర చెప్పి మీ మనసు పాడుచేయను. మిగిలిన పద్దెనిమిదీ చల్లగా లోపలే ఉన్నాయి, మంచి రోజు కోసం.

ఇక మీకోసం రెండు మూడు మాటలు. తెర మీద నీళ్ళు గానీ అద్దాలు తుడిచే మందు గానీ నేరుగా చల్లొద్దు. నేను నాలుగేళ్ళుగా చేసిన తప్పు అదే. ఆపేసి, కళ్ళజోడు తుడిచే మెత్తటి గుడ్డతో పొడిగా తుడవాలి, మరక ఉంటే గుడ్డను కొంచెమే తడి చేసుకోవాలి. మూత ఎప్పుడూ నడిమి అంచు పట్టుకునే తీయాలి, వేయాలి. పెన్నో ఇయర్‌ఫోనో లోపల ఉండగా మూత వేస్తే తెర పగిలే ప్రమాదం ఉంది. ఛార్జర్ పీకగానే తెర డల్ అయితే కంగారు పడొద్దు, అది బ్యాటరీ ఆదా కోసం చేసే పనే, సెట్టింగ్స్‌లో మార్చుకోవచ్చు. తక్కువ ధర తెరలు కొన్నిటిని పక్క నుంచి గానీ కింద నుంచి గానీ చూస్తే రంగులు వెలిసినట్టు కనబడతాయి, ఎదురుగా కూర్చుని చూశాకే చెడిందనుకోండి. దుకాణానికి వెళ్ళే ముందు ఒక స్క్రీన్‌షాట్, ఒక టీవీ కేబుల్. ఈ రెండు పరీక్షలకు డిగ్రీ ఏదీ అక్కర్లేదు.

ఇంటర్వ్యూ అయిపోయింది. పరీక్ష బాగా రాశానంది, మాటల దగ్గర తడబడ్డానంది. ఫలితం ఇంకా రాలేదు. వస్తే ఇక్కడే రాస్తాను, రాకపోయినా రాస్తాను.

నిన్న సాయంత్రం బండి చప్పుడు వినబడింది. వంటింట్లోంచి చెవి అటే వేశాను. 'టప్' మనలేదు. ఆయన లోపలికొచ్చి, చెప్పులు విడిచి, దాని పక్కనే కూర్చుని "ఇయ్యాళ తేజ ఎంత పలికిందో దీంట్లో చూపియ్యి" అన్నారు. అది తీసి చూపించింది. ఆయన ముందుకు వంగారు, వెనక్కి జరిగారు, మెడ వెనక్కి వాల్చి కళ్ళు చిన్నవి చేశారు. "ఇదింకా మసగ్గానే ఉందేందే?" అన్నారు.

పిల్లా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. సోమవారం ఆయన్ని కళ్ళజోడు కొట్టుకు తీసుకెళుతున్నాను.